గడప లోపలి సంపాదన: చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో గృహవృత్తుల చరిత్ర

ఉపోద్ఘాతము

ప్రతి సంవత్సరము జూన్ మాసమున మా పాఠశాలలో ప్రవేశపుస్తకము నింపు పని నా మీద పడును. బిడ్డ పేరు, పుట్టిన తేది, మాతృభాష, తండ్రి వృత్తి అను గడుల తరువాత తల్లి వృత్తి అను గడి యొకటి కలదు. మాతృభాష అను గడిలో 'తెలుగు' అని వ్రాయునపుడు నా కలము తడబడదు. తల్లి వృత్తి అను గడి వద్ద మాత్రము ప్రతి పర్యాయము ఆగవలసి వచ్చును. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగినచో "ఏం ల్యా సార్, ఇంట్లోనే ఉండాను" అని సమాధానము వచ్చును. ఆ మాట చెప్పిన తల్లి వ్రేళ్ళ కొనలు మల్బరీ ఆకు పసరుతో నల్లబడి యుండును. లేదా చింతపండు పులుపునకు చర్మము చిట్లి యుండును. ఆమె ఇంటిలో నున్న మాట నిజమే. ఊరక యున్న మాట మాత్రము నిజము కాదు.

బిడ్డలను విడిచి దూరము పోలేని తల్లికి, ఇంటి పట్టున నుండి న్యాయముగా నాలుగు రూకలు సంపాదించు మార్గమేది యను ప్రశ్న నేడు పట్టణములలో క్రొత్తప్రశ్న వలె వినవచ్చుచున్నది. మా సీమలో అది తాతల నాటి ప్రశ్న. దానికి ఈ నేల యిచ్చిన సమాధానములు కొన్ని కలవు. వానిలో కొన్ని కుటుంబములను నిలువబెట్టినవి. కొన్ని తల్లుల శ్రమను దోచినవి. ఆ రెంటికిని గల భేదము ఎచ్చట నున్నదో చరిత్ర వలన తెలిసికొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు పూర్వము కోలారు జిల్లాలోనివి; 2007వ సంవత్సరమున చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడినపుడు అందు చేరినవి. ఇరుగుపొరుగున అనంతపురము, హిందూపురము, మదనపల్లె సీమలు కలవు. ఇచ్చటి పల్లెలలో ఇంటిమాట తెలుగు, కచ్చేరిమాట కన్నడము. కైవారమున వెలసిన యోగి నారేయణులు ఆ రెండు భాషలలోను రచనలు చేసిరి. ఈ భాషాస్థితికిని గృహవృత్తులకును సంబంధమేమి యని చదువరులు సందేహింపవచ్చును. ఆ సంబంధము వ్యాసము తుదను స్పష్టము కాగలదు.

నూలు వడకిన కాలము

టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట 1800–1801 సంవత్సరములలో ఫ్రాన్సిస్ బుకానన్ అను వైద్యుడు కంపెనీ ప్రభుత్వము పనుపున మైసూరు రాజ్యమెల్ల తిరిగెను. కోలారు, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురము మీదుగా కూడ ఆయన ప్రయాణము సాగినది. ఆయన గ్రంథము 1807లో లండనులో అచ్చయినది. బెంగళూరు ప్రాంతమును గూర్చి వ్రాయుచు ఆయన ఒక సంగతి చెప్పెను. బ్రాహ్మణ స్త్రీలు తప్ప తక్కిన అన్ని కులముల స్త్రీలును వారపు సంతలో దూది కొని, ఇంటివద్ద నూలు వడకి, ఆ నూలును నేతగాండ్రకు అమ్ముచుండిరట.

ఈ చిన్న వాక్యములో గమనింపదగిన విషయములు మూడు కలవు. దూది కొన్నది ఆ స్త్రీయే. నూలు అమ్మినదియు ఆమెయే. వెల కుదిరినది పదిమంది చూచుచుండగా, సంతలో. వడకునది మాత్రము ఇంటిలో, బిడ్డ ఉయ్యెల ప్రక్కన. అనగా పని గడప లోపల జరిగినను బేరము వెలుతురులో జరిగినది. ఒక నేతగాడు తక్కువ యిచ్చినచో మరియొకని వద్దకు పోవుటకు ఆమెకు వీలుండెను. ఆ నూలు వలన ఆమె ధనవంతురాలయినదని నేను చెప్పుట లేదు. తన పనికి తానే ధనియై యుండెనని మాత్రము చెప్పవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దిలో మిల్లునూలు వచ్చి ఆ రాట్నములను మూలపడవేసెను. గాంధీమహాత్ముడు వానిని మరల ఇంటి నట్టింటికి తెచ్చుటకు యత్నించెను. ఆయన 1927 వేసవిలో అనారోగ్యముతో విశ్రాంతికై మా చిక్కబళ్ళాపురము చెంతనే యున్న నందికొండపై కొన్ని వారములు గడపెను. అప్పటికి రెండు సంవత్సరములకు పూర్వమే, 1925లో, అఖిల భారత చరఖా సంఘము స్థాపింపబడి యుండెను. వడకు స్త్రీకి చాల కాలము అతి స్వల్పమైన కూలి ముట్టుచుండెను. ఖద్దరు చవుకగా అమ్ముడు పోవలెనను తలంపుతో ఆ కూలిని తగ్గించుట ధర్మము కాదని గాంధీజీ 1935లో గట్టిగా వాదించెను. ఎనిమిది గంటల పనికి పొట్టకు చాలినంత కూలి ఉండవలెనను నియమమును చరఖా సంఘము అంగీకరించెను. ఇంటిలో కూర్చుండి చేయు పనికి గంటల లెక్క కట్టి కనీసపు కూలి ఉండవలెనను మాట మన దేశమున ఇంత స్పష్టముగా వినబడిన సందర్భములలో ఇది ముఖ్యమైనది. 'ఇంటిలోనే కదా, తీరిక వేళనే కదా' అను వాదమునకు ఇది తగిన జవాబు.

పట్టు వచ్చిన త్రోవ

రాట్నము పోయిన తరువాత మా సీమ స్త్రీలకు మిగిలిన పెద్ద గృహవృత్తి పట్టుపురుగుల పెంపకము. దీనిని ఇచ్చట 'రేష్మె' అనియు, పెంచుటను 'పురుగులు మేపుట' అనియు అందురు.

మైసూరు రాజ్యమునకు పట్టును తెచ్చినవాడు టిప్పు సుల్తాను. పట్టుపురుగులను తెచ్చుటకై బంగాళదేశమునకు బుర్హానుద్దీను, కస్తూరి రంగ అను ఇద్దరిని ఆయన పంపెను. వారు సిద్ధవటము మీదుగా తిరిగి వచ్చుచున్నారనియు, పురుగులను ఉంచుటకు తగిన స్థలమును, మేతకు ఆకును సిద్ధపరుపవలసినదనియు 1786లో శ్రీరంగపట్టణపు కిల్లేదారునకు ఆయన వ్రాసిన లేఖ యొకటి ఆంగ్లానువాదమున లభించుచున్నది. కడప మండలములోని సిద్ధవటము త్రోవలో నుండుట మనకు విశేషము. కన్నడ దేశమునకు పట్టుపురుగు తెలుగునేల మీద నడచి వచ్చినదన్నమాట.

1799 తరువాత రాజాదరణ తగ్గినను రైతులు ఈ వృత్తిని విడువలేదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ రోగములు వ్యాపించి పురుగుల జాతి క్షీణించెను. 1860 దశకమున దె వెక్కి అను ఇటలీ దేశస్థుడు జపాను గుడ్లను తెప్పించియు, బెంగళూరున ఆవిరి యంత్రముతో నూలు తీయు కర్మాగారమును పెట్టియు దీనిని ఉద్ధరింప యత్నించి విఫలుడయ్యెను. ఆ శతాబ్ది చివరి సంవత్సరములలో జంషెడ్జీ టాటా బెంగళూరున జపాను నిపుణుల సహాయమున పట్టుక్షేత్రమును నెలకొల్పెను. 1910లో అది సాల్వేషన్ ఆర్మీ వారి చేతికి వచ్చెను. చిక్కబళ్ళాపురము తాలూకా ముద్దేనహళ్ళి బిడ్డ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా నున్న 1912–1918 సంవత్సరములలో మైసూరు ప్రభుత్వము పట్టుశాఖను ప్రారంభించినది. ఆ శాఖను పెంచినవారిలో నవరత్న రామారావుగారు ముఖ్యులు. మైసూరు జాతికిని విదేశపు జాతులకును సంకరము చేసిన గుడ్లు 1920 దశకమున రైతుల కందినవి. 1930 ప్రాంతమున జపాను, చైనాల పట్టు చవుకగా వచ్చి పడగా వృత్తి కుంటుపడినది. 1934లో సుంకపు రక్షణ లభించినది. 1948 నాటి చట్టము ననుసరించి 1949లో కేంద్ర పట్టు మండలి ఏర్పడినది.

ఈ కథనమున నిపుణుల పేర్లు, దివానుల పేర్లు, మండలుల పేర్లు కలవు. పురుగులకు మేత వేసిన చేతి పేరు ఒక్కటియు లేదు. దానికై మనము పురుగులింటిలోనికి పోవలెను.

పురుగులింటిలో ఒక నెల

నూరు గుడ్లచుట్టలు తెచ్చినచో వానినుండి నలువది వేలకు మించిన పురుగులు పుట్టును. పుట్టినపుడు అవి నల్లని ఆవగింజలోని రేకు వలె నుండును. నాలుగు పర్యాయములు పొర విడిచి, అయిదు దశలు గడచి, ఇరువది నాలుగు మొదలు ఇరువది ఎనిమిది దినములలో గూడు కట్టుటకు సిద్ధమగును. పొర విడుచు వేళ పురుగు తల యెత్తి మేత మాని కదలక యుండును. మా సీమవారు దీనిని 'జ్వరము' అందురు. మొదటి జ్వరము, రెండవ జ్వరము అని లెక్కించుట బిడ్డకు అమ్మవారు పోసినపుడు దినములు లెక్కించినట్లే యుండును. ఆ మాటను పుట్టించినది స్త్రీలే అయి యుందురని నాకు తోచును. పసిబిడ్డలను సాకిన చేతులే ఈ పురుగులను సాకినవి గదా.

మొదటి రెండు దశలను 'చాకీ' అందురు. అప్పుడు లేతాకును సన్నగా తరిగి వేయవలెను. ఇల్లు వెచ్చగాను చెమ్మగాను ఉండవలెను. పొగ తగులరాదు, ఘాటు వాసన సోకరాదు. ఈ కారణమున పురుగులున్న ఇంట తిరుగమోత వేయుట కూడ మానుచుందురు. పూర్వము దినమునకు నాలుగైదు మార్లు, అర్ధరాత్రి ఒక మారు మేత వేయుచుండిరి. పురుగుల తట్టలు ఇంటిలోని పెద్ద గదిలోనే యుండెడివి. మనుష్యులు వసారాలో పండుకొనెడివారు. అయిదవ దశ సుమారు ఏడు దినములు. పురుగు తన జీవితమున తిను ఆకులో నూటికి ఎనుబది పాళ్ళు ఆ ఏడు దినములలోనే తినును. నూరు గుడ్లచుట్టలకు సుమారు టన్ను ఆకు కావలెనన్నచో ఆ వారమున ఇంటిల్లిపాది పడు పాటు ఊహించుకొనవచ్చును. ఆ మేత చప్పుడు రాత్రివేళ పెంకుటింటి మీద సన్నని వాన కురిసినట్లు వినబడును. తరువాత పండిన పురుగులను ఒక్కొక్కటిగా ఏరి వెదురు చంద్రికలపై వేయవలెను. జాము ఆలస్యమైనను అవి తట్టలోనే దారము చిమ్మి పాడగును.

ఈ పని మొత్తములో సగమునకు పైగా స్త్రీల శ్రమయే యని పట్టుపరిశ్రమను ఎరిగినవారందరు ఒప్పుకొందురు. ఆకు కోయుట, తరుగుట, మేత వేయుట, పెంట తీయుట, పండిన పురుగు ఏరుట వారివి. గుడ్లు కొనుట, గూళ్ళను సంతకు తీసికొని పోవుట, సొమ్ము తెచ్చుట పురుషులవి. కనుకనే ప్రవేశపుస్తకములో తండ్రి గడియందు 'వ్యవసాయము, పట్టు' అనియు, తల్లి గడియందు 'గృహిణి' అనియు పడుచున్నది.

ఇటీవలి నలుబది సంవత్సరములలో ఈ పురుగులిల్లు చాల మారినది. 1980లో ప్రపంచ బ్యాంకు సహాయముతో కర్ణాటక పట్టు అభివృద్ధి పథకము మొదలైనది. ఆ సంవత్సరముననే ఊజి ఈగ అను పీడ కూడ వంగదేశమునుండి వచ్చి పడినది. నేడు పెక్కుచోట్ల పురుగులకు వేరు కొట్టము కట్టుచున్నారు. రెండు జ్వరములు గడచిన పిల్లపురుగులను చాకీ కేంద్రములవారే పెంచి యిచ్చుచున్నారు. ఆకు తరుగుటకు మారుగా రెమ్మలనే కోసి దినమునకు మూడు మార్లు వేయుచున్నారు. వీని వలన తల్లులకు నిద్ర దక్కినది. ఫార్మలిను, బ్లీచింగు వాసన పడుకగదినుండి తొలగినది. ఇవి మేలులే. అయినను కొట్టము పొలమునకు పోయిన కొలదియు, పసిబిడ్డ గల తల్లికి అది 'ఇంటి పని' కాకపోవుట కూడ ప్రారంభమైనది. మార్పు ఒక చేత ఇచ్చి మరియొక చేత తీసికొనుట చరిత్రలో సాధారణమే.

గూటి సంత

గూడు కోసిన పిమ్మట రైతు ఎక్కువ దినములు వేచియుండలేడు. పది దినములలోపల చిలుక గూటిని చీల్చుకొని వచ్చును. తెగిన గూటినుండి సాగు దారము రాదు. కావున గూడు పాలవలె వెంటనే అమ్మవలసిన సరుకు. ఈ తొందర తెలిసిన దళారి పూర్వము ఇంటి ముంగిటికే వచ్చి కంటితూకమున వెల చెప్పి, సొమ్ములో కొంత యిచ్చి, మిగిలినది వచ్చే పంటకని చెప్పి పోవుచుండెను. పని ఇంట జరిగినది. బేరమును ఇంటనే, చీకటిలోనే జరిగినది. బుకానను చూచిన నూలుసంతతో దీనిని పోల్చినచో ఎంత నష్టపోయితిమో తెలియును.

1959 నాటి చట్టమును, 1979లో దానికి వచ్చిన సవరణయును ఈ స్థితిని మార్చినవి. గూళ్ళను ప్రభుత్వపు సంతలలోనే, బహిరంగపు వేలములోనే, లైసెన్సు గల నూలుతీయువారికే అమ్మవలెనను నియమము వచ్చినది. రామనగరము తరువాత చెప్పదగిన గూటిసంత మా జిల్లాలోని శిడ్లఘట్ట. అచ్చట నూలు తీయు వృత్తిపై వేలకొలది కుటుంబములు, విశేషముగా ముస్లిము కుటుంబములు, ఆధారపడి యున్నవి. తూకము కాగితము మీద పడును. ధర అందరును విందురు. ఇటీవలి సంవత్సరములలో సొమ్ము బ్యాంకు ఖాతాకే చేరు ఏర్పాటు కూడ వచ్చినది.

ఇది గొప్ప మేలు. అయినను రెండు కొరతలు మిగిలినవి. ధర సంతలో కుదిరినను దాని మూలము దూరదేశములలో నుండును. 2011లో ముడిపట్టుపై దిగుమతి సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించినపుడు గూటి ధర పడిపోయి రైతులు వీధికెక్కిరి. 2013లో ఆ సుంకము 15కు పెరిగినది. ఢిల్లీలో ఒక అంకె మారినచో మా బడిలో పుస్తకముల సొమ్ము వాయిదా పడుట నేను స్వయముగా చూచితిని. రెండవ కొరత ఇంటిలోనిది. తూకపు కాగితము మీద భూమి ఎవరి పేరనున్నదో వారి పేరే యుండును, ఖాతాయు వారిదే. నెల దినములు రాత్రి మేత వేసిన తల్లి పేరు ఏ కాగితము మీదను లేదు.

చింతపండు, అగరవత్తి, బీడీ

భూమి లేని ఇండ్లలో పట్టునకు చోటు లేదు. ఆ ఇండ్లకు తుండు లెక్కను, తూకము లెక్కను కూలి యిచ్చు పనులే గతి. చింతామణి పేరు చింతామణిరావు అను మరాఠా నాయకుని వలన వచ్చినదని చెప్పుదురు. చింతచెట్లకు మాత్రము ఆ సీమ కొరతపడలేదు. కాయ రాలు వేసవి నెలలలో బస్తాలు ఇండ్లకు చేరును. బెరడు కొట్టుట, ఈనెలు తీయుట, గింజ వేరు చేయుట స్త్రీల పని. పండు వర్తకునిది, గింజకును వెల కలదు, నేతబట్టలకు గంజి పెట్టుటకు ఆ గింజల పిండి వాడుదురు. పనిచేసిన ఆమెకు దక్కునది కిలోకు ఇంత యను కూలి మాత్రమే.

అగరవత్తి కథయు ఇట్టిదే. బెంగళూరు, మైసూరు నగరములు ఈ సరుకునకు పేరుపడ్డవి. పరిమళము లేని ముడి వత్తిని చుట్టు పని చుట్టుప్రక్కల ఊళ్ళ యిండ్లలో జరిగెడిది. వేయి వత్తులకు ఇంత అని లెక్క. యంత్రములు వచ్చిన తరువాత చేతివత్తి తగ్గినది.

ఈ విషయమున బీడీ పనివారి చరిత్ర మనకు పాఠము చెప్పును. కన్నడ దేశమున బీడీకి ముఖ్యస్థానము మంగళూరు తీరము. అచ్చటి స్త్రీలు ఆకు, పొగాకు తెచ్చుకొని ఇంట చుట్టి యిచ్చెడివారు. యజమానులు వారిని పనివారుగా అంగీకరింపక, సరుకు కొనువారము మాత్రమే యని చెప్పెడివారు. 1966లో వచ్చిన బీడీ, చుట్టల పనివారి చట్టము ఇంట కూర్చుండి చుట్టు స్త్రీని కూడ పనివారి లెక్కలో చేర్చినది. యజమానులు న్యాయస్థానమునకు పోయిరి. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చట్టమును నిలిపినది. 1976లో సంక్షేమనిధి ఏర్పడి వైద్యము, బిడ్డల విద్యార్థివేతనము లభించినవి. పొగాకు ఆరోగ్యమునకు చేటు. ఆ వృత్తిని నేను పొగడుట లేదు. ఇంటిపని చేయు తల్లికి పేరు వ్రాసిన కార్డు, కనీసపు కూలి, నిధి కల్పించుట అసాధ్యము కాదని మాత్రము అది ఋజువు చేసినది. చింతపండు గింజ తీసిన తల్లికి అట్టి కార్డు ఏదియు రాలేదు.

బాగేపల్లి వైపు మరియొక ప్రయత్నము జరిగినది. 1977లో అచ్చట ప్రారంభమైన సేవాసంస్థ యొకటి పల్లెకూలీలను కూలి సంఘముగా కూర్చినది. ఆ సంస్థ చేసిన పనులలో గోబర్ వాయువు పొయ్యిల పథకము మన విషయమునకు సంబంధించినది. 5,500 ఇండ్లకు ఉద్దేశింపబడిన ఆ పథకము 2005లో అంతర్జాతీయముగా నమోదు పొందినది. కట్టెలు ఏరు పని తప్పిన తల్లికి ఆ కాలము మిగులును. ఇంట సంపాదించు స్త్రీకి అసలైన పెట్టుబడి కాలమే యని ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

బిడ్డల చేతులు

గృహవృత్తిని తల్లులు ఎన్నుకొనుట బిడ్డల కొరకే. అదే వృత్తి బిడ్డలను మింగు ప్రమాదము కూడ కలదు. కూలి తుండు లెక్కను ఉన్నపుడు, లెక్క పెరుగుటకు ఇంటిలో మరి రెండు చేతులు కలియును. ఆ చేతులు చిన్నవి. కర్ణాటకపు పట్టుపనిలో బిడ్డల వెట్టిని గూర్చి మానవహక్కుల సంస్థ యొకటి 2003లో వెలువరించిన నివేదిక దేశదేశములలో చదువబడినది. 1986 నాటి బాలకార్మిక చట్టము కుటుంబపు పనిని మినహాయించినది. 2016 సవరణ కూడ బడి వేళ దాటిన తరువాత, అపాయము లేని ఇంటిపనికి బిడ్డ సాయపడుటను అనుమతించుచున్నది.

ఉపాధ్యాయునిగా నాకు ఈ 'సాయము' హాజరు పుస్తకమున కనబడును. పురుగు పండు వారమున ఆ యింటి బిడ్డ రాడు. రాత్రి దీపము క్రింద చింతపండు ఒలిచిన బాలిక మరునాడు బల్లపై నిద్రపోవును. వారిని దండించుటకు నాకు నోరు రాదు. తల్లికి న్యాయమైన కూలి దక్కనిచోట బిడ్డ చదువే ఆ లోటును పూడ్చుచున్నదని మాత్రము చెప్పక తప్పదు.

లెక్కలో లేని పని

ప్రభుత్వపు లెక్కలును ప్రవేశపుస్తకము వంటివే. 1961 జనాభా లెక్కలలో 'గృహ పరిశ్రమ' అను ప్రత్యేక వర్గముండెను. 1971లో మనిషి ముఖ్యమైన పని యేది యని అడుగుటతో, వంటయు బిడ్డలును ముఖ్యమని చెప్పిన స్త్రీలు పనివారి వరుసనుండి జారిపోయిరి. దేశమున పనిచేయు స్త్రీల సంఖ్య ఒక్కసారిగా తగ్గినట్లు కనబడెను. స్త్రీలు పని మానలేదు; ప్రశ్న మారినది. 1981లో ముఖ్య పనివారు, స్వల్పకాలపు పనివారు అని రెండు వర్గములు చేసిరి. 1991లో, పొలమునందును కుటుంబపు వృత్తియందును కూలి లేక చేసిన పని కూడ పనియే యని ప్రశ్నలోనే చేర్చిరి. సరిగా అడిగినచో సరియైన జవాబు వచ్చునని దీనివలన తెలియుచున్నది.

1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహపనివారిని గూర్చి 177వ ఒడంబడికను ఆమోదించినది. ఇంటి పనివారికి తక్కిన కూలివారితో సమానమైన గౌరవముండవలెనని అది చెప్పుచున్నది. మన దేశము దానిని ఇంకను స్వీకరింపలేదు. 1972లో అహమ్మదాబాదున ఇలా భట్ స్థాపించిన సేవా సంఘము దానికై చాల పాటుపడినది. 2008లో మన పార్లమెంటు చేసిన అసంఘటిత కార్మికుల చట్టములో 'గృహ కార్మికుడు' అను మాటకు అర్థము వ్రాయబడినది. మాట చట్టములోనికి వచ్చినది. ఇంకను మా పల్లెకు రావలసి యున్నది.

న్యాయమైన పనికి గురుతులు

నాలుగు సంవత్సరముల క్రిందట మా విద్యార్థి తల్లి యొకతె నావద్దకు ఒక కాగితము తెచ్చెను. ఇంటివద్ద కలములను డబ్బాలలో సర్దు పని, నెలకు ఇన్ని వేలు, ముందుగా కొంత ధరావతు కట్టవలెను అని అందు ఉన్నది. ఆమె అప్పటికే గూటి సొమ్ములోనుండి ఆ ధరావతు కట్టియుండెను. కలములు రాలేదు, కాగితముపై నున్న చిరునామాలో ఎవరును లేరు. "చదువొచ్చినోళ్ళు ముందే చూపించుకోవాల్సింది సార్" అని ఆమె తన్ను తానే నిందించుకొనెను. ఆ కాగితము ఆమెకు రాని భాషలో నుండుట ఆమె తప్పు కాదు.

పై చరిత్రను తరచి చూచినచో న్యాయమైన గృహవృత్తికి గురుతులు నాలుగు కనబడుచున్నవి. మొదటిది, పని కోరినవారు పనివారినుండి సొమ్ము అడుగరాదు; కూలి ఇచ్చువాడు ధరావతు పుచ్చుకొనుట తలక్రిందుల వ్యవహారము. నూలు వడకిన స్త్రీ దూది కొన్నమాట నిజమే. కాని ఆమెకు దూది కంటికి కనబడినది, నూలునకు సంత యుండెను. రెండవది, కొలతయు ధరయు పదిమందికి తెలియవలెను. గూటిసంత నేర్పిన పాఠమిదియే. మూడవది, లెక్క గంటలలో కట్టి చూచుకొనవలెను. వేయింటికి ఇంత అనునది పెద్ద మొత్తముగా తోచినను, వేయి చేయుటకు ఎన్ని గంటలు పట్టునో చూచిన పిమ్మటనే కూలి తెలియును. 1935 నాటి చరఖా సంఘపు తీర్మానమునకు సారమిదియే. నాలుగవది, పనిచేసినవారి పేరు కాగితము మీద నుండవలెను; బీడీ పనివారి కార్డు చాటినది ఈ సత్యమునే. ఈ నాలుగింటిలో ఏది లోపించినను ఆ పని ఇంటికి వచ్చినను ఇల్లు నిలుపదు.

ఉపసంహారము

ఇపుడు భాష మాటకు వచ్చెదను. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మా సీమ మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఆ సంవత్సరముననే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని రాష్ట్రములకు చెప్పినది. మా వంటి పాఠశాలలు ఆ వాక్యము నీడను నిలిచియున్నవి. కాని తూకపు కాగితము కన్నడమున నుండును, బ్యాంకు పుస్తకము ఆంగ్లమున నుండును, తల్లి మాట తెలుగున నుండును. ఈ మూడింటి నడుమ సందులో ఆమె కూలి జారిపోవుచున్నది. బిడ్డకు తెలుగు నేర్పుట ఎంత అవసరమో, ఆ బిడ్డ తల్లికి కన్నడపు కాగితము చదివి తెలుగున చెప్పగలుగుటయు అంత అవసరము. గత రెండు సంవత్సరములుగా నేను ఏడవ తరగతి లెక్కల వాచకమునకు తోడుగా తూకపు చీటీని, ఖాతా పుస్తకపు పుటను చదువుట నేర్పుచున్నాను. కొందరు పిల్లలు ఇంటికి పోయి తల్లిచేత గంటల లెక్క కట్టించిరి. ఒక బాలిక మరునాడు వచ్చి, తన తల్లి చింతపండు కూలి గంటకు ఎంత పడినదో చెప్పి, "ఇంతేనా సార్?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేకపోయెను. ఆమె అడుగుట నేర్చినది, అది తొలిమెట్టు.

మన తెలుగు సంఘములు పండుగలును కవిసమ్మేళనములును జరుపుట సంతోషకరమే. దానితోడనే ప్రతి తాలూకాలో ఇంట పనిచేయు తల్లుల పేర్లు, వారు చేయు పని, వారికి ముట్టు కూలి వ్రాసి యుంచు పుస్తకము ఒకటి తెరచినచో అది మన చరిత్రకు గొప్ప ఆధారము కాగలదు. ధరావతు అడుగు మోసగాండ్రకు అడ్డుకట్టయు కాగలదు. పెద్దలు ఆలోచింతురు గాక.

నావంతుగా నేను చేసిన పని చాల చిన్నది. ఈ సంవత్సరము ప్రవేశపుస్తకములో తల్లి వృత్తి అను గడియందు 'గృహిణి' అని వ్రాయుట మానితిని. "ఇంట్లోనే ఉండాను" అన్న తల్లిని, "ఇంట్లో ఉండి ఏం చేస్తావమ్మా?" అని మరల అడిగితిని. ముప్పది యొక్క మంది తల్లులలో పందొమ్మిదిమంది గడులలో 'పట్టుపురుగుల పెంపకము' అనియు, 'చింతపండు పని' అనియు, 'కుట్టుపని' అనియు, 'పాడి' అనియు పడినది. ఒక తల్లి నేను వ్రాయుచున్నంతసేపు ఆ గడివైపే చూచి, వ్రాసినది చదివి వినిపింపుమని కోరెను. చదివితిని.